పిచ్చుక కార్డు

హోటల్ గది, మూడో అంతస్తు
సెప్టెంబరు మొదటివారం

వదినా,

నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసి పెట్టేసింది నేనే. నువ్వు "ఎవరండీ" అని రెండుసార్లు అడిగావు. ఎవరో ఆకతాయి అనుకుని ఉంటావు. ఈ ఆకతాయికి యాభై మూడేళ్లు. ఇదివరకు ఎప్పుడు చేసినా ముందు అన్నయ్యే ఎత్తేవాడు. "ఏంటే కళ్లజోడూ, ఇవాళ ఎంతమంది పిల్లల్ని ఏడిపించావు" అని, ఆ తర్వాతే నీకు ఇచ్చేవాడు. అన్నయ్య పోయి పది నెలలైనా నా చెవికి ఆ అలవాటు పోలేదు. నేరుగా నీ గొంతు వినేసరికి నోరు పెగల్లేదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. కాగితం మీదైతే ఎవరు ఏడ్చినా అవతలివాళ్లకి వినపడదు.

ఈ ఏడాది నన్ను ఒలింపిక్స్ ఎంపిక కమిటీలో వేశారు. ముగ్గురం ఉన్నాం. ఐస్ స్కేటింగ్‌లో అమ్మాయిలకి ఈసారి మన దేశానికి వచ్చినవి రెండే చోట్లు. జనవరి దాకా పోటీ పోటీకీ తిరిగి, నెలనెలా ఒక్కో పిల్ల పేరు ఎదురుగా ఆమెకి నూటికి ఎంత అవకాశం ఉందో అంకె వేసి, సంతకం పెట్టి పంపాలి. చూడ్డానికి చిన్న పనే. పదహారేళ్ల పిల్ల పేరు పక్కన అంకె వేసేటప్పుడు మాత్రం నా చెయ్యి కాస్త బరువెక్కుతుంది.

పోటీలో ఉన్న పిల్లతో గానీ, కోచ్‌తో గానీ మేం మాట్లాడకూడదు. ఏ ఒక్కరికి సలహా ఇచ్చినా ఆ ఏడాదికి కమిటీలోంచి తప్పుకోవాలి. నీ సంగతి ముందే రాసిచ్చాను. మా వదిన ఫలానా మంచు రింకులో స్కేట్ల బ్లేడ్లు సాన పడుతుంది, అన్నయ్య తర్వాత ఆ పని ఆమెదే అని. సాన పట్టేవాళ్లు కోచ్‌లు కారు, ఫర్వాలేదన్నారు. కాబట్టి మీ రింకులో మనం పిచ్చుక అని పిలుచుకునే పిల్ల గురించి నేను అడగను, నువ్వు చెప్పకు.

ఇంతకీ పిచ్చుక ఎలా ఉంది? ఆ పిల్లకి నేను డెబ్భై వేశాను. ఇది చదివి చింపెయ్యి.

ఇక్కడ భోజనాల హాల్లో ఒక్కదాన్నే కూర్చోవాలంటే బెరుగ్గా ఉంటోంది. ఎదురు కుర్చీలో నా బ్యాగు పెట్టుకుంటున్నాను. ఎవరో చేతులు కడుక్కోడానికి లేచి వెళ్లారనుకుంటారని.

కళ్లజోడు


రింకు వెనక, సాన గది
సెప్టెంబరు ఆఖరు

మరదలు పిల్లకి,

ఆకతాయివి నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. ఫోన్‌లో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. మీ వంశంలో అందరిదీ అదే ముక్కు.

నేను బాగానే ఉన్నాను. పొద్దున ఆరింటికి వచ్చి గది తలుపు తీస్తాను. మీ అన్నయ్య కోటు కొక్కేనికి అలాగే ఉంది. జేబుల్లో ఇనప రజను. దులపబుద్ధి కాలేదు. ఆయన పోగానే రింకు మేనేజరు కొత్త మనిషిని పెట్టుకుంటామన్నాడు. ఇరవై ఆరేళ్లు పక్కన కూర్చుని చూశాను, నాకు చేతవును అన్నాను. మొదటి నెల నా వెనకాలే నిలబడ్డాడు, ఇప్పుడు వాడి కూతురి బ్లేడ్లు కూడా నా చేతికే ఇస్తున్నాడు.

బయటివాళ్లు బ్లేడంటే కత్తిలా ఒకటే పదును అనుకుంటారు. అడుగున సన్నటి గాడి, అటో అంచు, ఇటో అంచు అని నీకు చెప్పాల్సిన పని లేదు. గాడి ఎంత లోతుంటే అంచు మంచుని అంత గట్టిగా పట్టుకుంటుంది. ఎవరికి ఎంత లోతు పట్టాలో ఆయన పిల్లకో కార్డు రాసి పెట్టారు. నలభై ఒక్క కార్డులు. నేను సొంత తెలివేమీ వాడటం లేదు. కార్డు తీస్తాను, ఆయన అంకె చూస్తాను, సాన చక్రం తిప్పుతాను. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. కార్డు ఎదురుగా ఉన్నంతసేపూ ఆయన పక్కన నిలబడి చెబుతున్నట్టే ఉంటుంది. పని అయిపోయి చక్రం ఆగాక గది మరీ పెద్దదైపోతుంది.

పిచ్చుక సంగతి చెప్పకూడదన్నావు కాబట్టి చెప్పను. పిచ్చుక అని ఇంకెన్నాళ్లు పిలుస్తామో తెలియదు, అంతెత్తున పెరిగింది. నా నుదుటి దాకా ఉండేది, ఇప్పుడు నేనే తలెత్తి చూడాలి. బూట్లు రెండుసార్లు మార్చారు. చెప్పేశాను. నువ్వూ చింపెయ్యి.

నీ పాత స్కేట్స్ పై అరలో పెట్టెలో ఉన్నాయి. పారెయ్యనా, ఉంచనా?

వదిన


పోటీ హాలు, జడ్జీల గది
అక్టోబరు మూడోవారం

వదినా,

స్కేట్స్ పారెయ్యకు. ఎందుకని అడక్కు.

ఇవాళ పిచ్చుక రెండుసార్లు పడింది. మొదటిసారి జంప్ చేసి దిగుతూ పడింది. దిగిన కాలు వెనక్కి జారుతూ పోవాలి కదా, జారలేదు. ఎవరో చీలమండ పట్టుకుని ఆపేసినట్టు ఆగిపోయింది. మంచు రజను గుప్పెడు లేచింది. రెండోసారి గిర్రున తిరుగుతూ తిరుగుతూ మధ్యలో తట్టుకుంది. లేచి పాట చివరిదాకా చేసింది. దండం పెట్టి బయటికి వచ్చేటప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను కాగితాలు సర్దుకున్నాను.

మా కమిటీ అధ్యక్షుడు పెన్ను మూత పెడుతూ, "నాలుగంగుళాలు పెరిగిందండీ. ఆడపిల్లలతో ఇదే తంటా. పదిహేనుకి పువ్వులా ఉంటారు, పదహారుకి అయిపోతారు" అన్నాడు. మూడో సభ్యుడు ఒకప్పటి చాంపియన్, ఆయన "బరువు కూడా పెట్టింది" అన్నాడు. నేను తల ఊపాను. నా చిన్నప్పుడు నా గురించి కూడా అచ్చంగా ఈ మాటలే అన్నారు. అయినా తల ఊపాను వదినా.

పోయిన నెల డెబ్భై, ఈ నెల నలభై ఐదు వేశాను. పోటీలో ఉన్న ఇంకో పిల్ల, ఆ డాక్టరు గారమ్మాయికి అరవై అయింది. పెద్దపిల్ల అని మనం అనుకునే ఆ ఇరవై రెండేళ్లామెకి ఎనభై, ఆమె చోటు ఇక ఖాయం. రెండో చోటుకే పేచీ.

పిచ్చుక సరిగ్గా తింటోందా? ఇంట్లో ఏమైనా బాధ ఉందా? ఊరికే అడిగాను.

కళ్లజోడు


సాన గది
నవంబరు రెండోవారం

మరదలు పిల్లకి,

మొన్నటితో ఏడాది నిండింది. ఎవరూ రాలేదు, నేను రమ్మని ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసి పెట్టేస్తావేమో అని సాయంత్రం దాకా ఫోన్ పక్కనే కూర్చున్నాను. చెయ్యలేదు. కోపం లేదులే, నాకూ నోరు పెగిలేది కాదు.

ఆ రోజు కోసం ఒక పని పెట్టుకున్నాను. కార్డుల మీద ఆయన పెన్సిల్ రాత మాసిపోతోంది. నా వేళ్లు తగిలి తగిలి కొన్ని అంకెలు అలుక్కుపోయాయి. అందుకని నలభై ఒక్కటీ ముందు వేసుకుని, ఆయన గీతల మీదే నల్ల పెన్నుతో దిద్దాను. మూడు రోజులు పట్టింది. ఆయన నాలుగు అంకె ఎలా వేసేవారో తెలుసుగా, కుర్చీ తిరగేసినట్టు. అలాగే దిద్దాను. ఇక నేను పోయినా ఆ రాత పోదు.

పిచ్చుక తింటోందా అని అడిగావు. తినడం లేదు. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని నా గదిలో కూర్చుని మూత తీస్తుంది, మూత పెడుతుంది. "బరువు తగ్గితే మళ్లీ ఎగరగలను పిన్నీ" అంటుంది. బుగ్గలు లోపలికి పోయాయి. నాకు భయంగా ఉంది. వాళ్లమ్మకి చెప్పాను, ఆవిడ కోచ్‌కి చెప్పింది, కోచ్ "ఈ వయసులో మామూలే" అన్నాట్ట.

ఒకరోజు బ్లేడ్లు చేతిలో పట్టుకుని, ఎంతో మొహమాటంగా, "పిన్నీ, బ్లేడు బాగానే ఉందా? ఏదో పట్టేస్తున్నట్టు ఉంటోంది" అని అడిగింది. నేను కార్డు తీసి చూపించాను. "ఇదిగో, మీ బాబాయి రాసిన అంకె. గీత కూడా మారలేదు" అన్నాను. అది చూసి ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "తప్పైపోయింది పిన్నీ, బాబాయిని అనుమానించాను" అంది.

మీ కమిటీలో ఏమనుకుంటున్నారు? చెప్పకూడదని తెలుసు. అయినా చెప్పు.

వదిన


హోటల్ గది
నవంబరు ఆఖరు

వదినా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు చింపేశాను. ఇది పోస్టు చేశాక నేను కమిటీలో ఉండకూడదు. దీంతోపాటే రాజీనామా ఉత్తరం కూడా డబ్బాలో వేస్తున్నాను, మళ్లీ మనసు మారకుండా.

అన్నయ్య కార్డులు పెన్సిల్‌తోనే ఎందుకు రాసేవాడో ఎప్పుడైనా అడిగావా? అన్నయ్య దగ్గర పెన్ను లేకనా? చెవి మీద ఒకటి, జేబులో రెండు ఉండేవి. పిల్లలు పెరుగుతారని పెన్సిల్‌తో రాసేవాడు. మూడు నెలలకోసారి పిల్లని గుమ్మం దగ్గర నిలబెట్టి ఎగాదిగా చూసి, బరువెంతో అడిగి, రబ్బరు తీసుకునేవాడు. నువ్వు పక్కనే ఉన్నావు గానీ నీ చూపు చక్రం మీద ఉండేది. నా చిన్నప్పటి కార్డు రుద్ది రుద్ది ఒకచోట చిల్లు పడింది.

తేలిక పిల్లకి లోతు గాడి కావాలి. బరువు పెరిగే కొద్దీ లోతు తగ్గించాలి. లేకపోతే అంచు మంచులో దిగబడిపోతుంది. కాలు పట్టేస్తుంది, రజను లేస్తుంది, తిరుగుతుంటే తట్టుకుంటుంది. పిచ్చుక పడుతున్నది అందుకే. ఆ పిల్ల ఒంట్లో ఏ లోపమూ లేదు. ఏడాది కిందటి చిన్నపిల్ల గాడి మీద ఇప్పటి పిల్ల నిలబడి ఉంది. తిండి మానేసి ఆ కార్డుకి సరిపోదామని చూస్తోంది.

ఇంకో మాట. ఇది రాయకుండా పంపేద్దామనుకున్నాను, ఆ ఉత్తరమే మూడోసారి చింపింది. అక్టోబరులోనే నాకు అనుమానం వచ్చింది. ఆ మంచు చప్పుడు వినగానే, గాడి లోతెక్కువ అనిపించింది. కానీ నీకు చెబితే అన్నయ్య రాతని నీ చేత చెరిపించినట్టవుతుంది. పైగా ఈ కమిటీ తప్ప నాకు పొద్దున్నే లేవడానికి వేరే కారణం లేదు. అందుకని "తింటోందా" అని అడిగి ఊరుకున్నాను. ఆ తర్వాత ఈ నెల పోటీలో ఆ పిల్ల మూడుసార్లు పడింది, నేను ఇరవై వేశాను. తెలిసి వేశాను వదినా.

ఎవరు చెప్పారో పిచ్చుకకి మాత్రం చెప్పకు. ఈ మాట నాదని ఆ పిల్లకి తెలియకపోవడమే మంచిది.

కళ్లజోడు


సాన గది
డిసెంబరు రెండో తారీకు

కమిటీ మేడమ్ గారికి,

మీ ఉత్తరం అందింది. గాడి మార్చాను. కార్డు పెట్టెలోంచి తీసేశాను.

ఆరు వారాలు తెలిసి ఊరుకున్నారు. ఆ ఆరు వారాల్లో ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని డబ్బా మూత పెట్టింది.

ఉంటాను.


సాన గది
డిసెంబరు మూడోవారం

మరదలా,

ఆ ఉత్తరం వెనక్కి తీసుకోను. నాకు కోపం వచ్చింది, అది నిజం. నీ మీద సగం, నా మీద సగం. తర్వాత లెక్క వేస్తే నా మీదే ఎక్కువ తేలింది. నువ్వు ఆరు వారాలు ఊరుకున్నావు, నేను ఏడాది పాటు పాత గాడే పట్టి నా చేతులతో ఆ పిల్లని కింద పడేశాను. పైగా కార్డు చూపించి నోరు మూయించాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే పిచ్చుకని పిలిచాను. ఆయన చేసేవారన్నావే, అలాగే గుమ్మం దగ్గర నిలబెట్టి చూశాను. అసలు అన్నాళ్లూ నేను ఆ పిల్లని చూడనే లేదని అప్పుడు తెలిసింది. నేను చూసిందంతా కార్డునే. "బరువెంత" అంటే తల వంచుకుని చెప్పింది, ఏదో తప్పు చేసినట్టు. "తప్పు నాదే తల్లీ, నీది కాదు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. డబ్బా తెరిచి మొత్తం తినేసింది. నేను అటు తిరిగి చక్రం తుడిచాను.

కొత్త గాడికి అలవాటు పడటానికి వారం పట్టింది. ఆ తర్వాత గదిలోంచి వింటుంటే చప్పుడే మారిపోయింది. ఇదివరకు కరకరమనేది, ఇప్పుడు పట్టుచీర మడత విప్పినట్టు ఉంది. జనవరి పోటీకి సిద్ధంగా ఉంది.

ముప్ఫై తొమ్మిది కార్డులు మార్చాల్సి వచ్చింది. నల్ల సిరా రబ్బరుతో పోదుగా. అన్నీ కొట్టేసి పక్కన పెన్సిల్‌తో రాశాను. మొదటి కార్డు కొట్టేసేటప్పుడు గట్టిగా ఏడ్చాను. పదో కార్డుకి వచ్చేసరికి, ఆయన ఉంటే ఈపాటికి నన్ను ఎన్ని తిట్లు తిట్టేవారో అనిపించి నవ్వొచ్చింది.

నిజంగానే తప్పుకున్నావా? ఒక్క రాజీనామా కాగితమేగా, వెనక్కి తీసుకోకూడదా?

వదిన


మా ఇల్లు
జనవరి నాలుగోవారం

వదినా,

వెనక్కి తీసుకోలేదు. ఇంట్లోనే ఉన్నాను. పోటీ టీవీలో చూశాను, నీ పక్క సోఫా ఖాళీగా ఉండి ఉంటుంది, నా పక్కన బ్యాగు ఉంది.

నువ్వు చూసే ఉంటావు. ఏడు జంప్‌లూ దిగింది. ఆఖరి జంప్ దిగాక ఆ కాలు వెనక్కి అలా పోతూనే ఉంది, పోతూనే ఉంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అయినా పాత పడిపోవడాల వల్ల అన్ని పోటీల మొత్తం మార్కుల్లో డాక్టరు గారమ్మాయికి వెంట్రుకవాసి వెనక నిలిచింది. ఇంత దగ్గరగా వస్తే కమిటీదే నిర్ణయం.

అధ్యక్షుడు మర్యాదకి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఒకప్పటి చాంపియన్ పిచ్చుకకే ఓటేశాడట, "ఇవాళ నేను చూసింది వేరే పిల్లని" అన్నాడట. అధ్యక్షుడు డాక్టరు గారమ్మాయికి. నా స్థానంలో వచ్చినాయన దీనికి ముందు ఒక్క పోటీ కూడా చూడలేదు. ఆయన దగ్గరున్నవి నేను వదిలేసి వచ్చిన కాగితాలే. డెబ్భై, నలభై ఐదు, ఇరవై. "ఆ పిల్లని ఎరిగిన జడ్జే ఇరవై వేసిందంటే ఆలోచించాలి" అని డాక్టరు గారమ్మాయికి వేశాడు.

ఇద్దరు వెళ్తారు. పిచ్చుక మూడోది. ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప ఇంట్లోనే ఉంటుంది.

నేను అంకెలు వేసింది పెన్నుతో వదినా. నీ కార్డుల్లాగా కొట్టేసి పక్కన రాసే వీలు కూడా లేదు. తప్పుకోకపోతే నా ఓటు ఆ పిల్లకే పడేది. తప్పుకోకుండా ఉండాలంటే నీకు ఆ ఉత్తరం రాయకూడదు. రాయకపోతే ఆ పిల్ల ఇంకా పడుతూనే ఉండేది. ఎటు తిప్పి చూసినా అక్టోబరులో రాయాల్సింది అనే తేలుతోంది. రోజంతా ఇదే తిప్పుతున్నాను, ఈ ఇంట్లో ఇంకేం పని ఉంది కనక.

ఆ పిల్ల ఏం చేస్తోందో రాయి. నీకు రాయబుద్ధి కాకపోయినా రాయి.

కళ్లజోడు


సాన గది
ఫిబ్రవరి మొదటి సోమవారం

కళ్లజోడుకి,

నీ మాట నేను వినలేదు. పిచ్చుకకి అంతా చెప్పేశాను.

పోటీ అయ్యాక వారం రోజులు ఆ పిల్ల రింకుకి రాలేదు. నేను రోజూ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇవాళ పొద్దున బ్లేడ్లు పట్టుకుని వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఆ కళ్లజోడావిడ నాకు ఇరవై వేసి, ఆఖర్లో ఓటెయ్యకుండా పారిపోయిందట పిన్నీ" అంది. కమిటీలోంచి ఎలా పొక్కిందో, రింకులో అందరూ అదే అనుకుంటున్నారు. నేను ఊరుకోలేకపోయాను. నీ ఉత్తరాలన్నీ తీసి చేతికిచ్చాను. ఒక్కటీ చింపలేదు నేను.

కూర్చుని వరసగా చదివింది. అక్టోబరు సంగతి కూడా చదివింది, దాచలేదు. కాగితాలు మడిచి నాకు తిరిగి ఇచ్చేటప్పుడు మొహంలో కోపం ఉంది. ఉండాలి కూడా. బ్లేడ్లు తీసి నా బల్ల మీద పెట్టింది. చివరికి, "నాలుగేళ్లకి నాకు ఇరవై వస్తాయి. పెద్దపిల్ల ఇరవై రెండులో వెళ్తోందిగా. కార్డులో చోటుంచు పిన్నీ, ఇంకా పెరుగుతానేమో" అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఆవిడ్ని ఒకసారి రమ్మను. ఎక్కడో గ్యాలరీ మెట్ల మీద కూర్చుని కాదు, మంచు మీదకి వచ్చి నా పక్కన నిలబడి చూడమను. అప్పుడు ఎంత వేస్తుందో వెయ్యమను" అంది.

రా మరి. ఈసారి అడిగింది నేను కాదు కాబట్టి సాకులు చెల్లవు. బ్యాగు కుర్చీలో పెట్టుకుని తినే అవసరం ఇక్కడ లేదు, నా దగ్గర ఉన్నవే రెండు కుర్చీలు.

నీ పెట్టె పై అరలోంచి దించాను. బూట్ల తోలు బాగానే ఉంది, బ్లేడ్లకి తుప్పు పట్టింది, అది నేను చూసుకుంటాను. అడుగున నీ కార్డు దొరికింది, చిల్లుతో సహా. చివరి అంకె ఆయన పాతికేళ్ల కిందట వేసింది. నేను దాన్ని సిరాతో దిద్దలేదు, నా కంట పడలేదు కాబట్టి బతికిపోయింది. ఇప్పుడు రబ్బరు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నీ బరువు ఎంతో తిరుగుటపాలో రాయి. కాస్త తగ్గించి రాస్తావని నాకు తెలుసు, నిజం రాయి. మీ అన్నయ్య అంకె మీద నీ బ్లేడు సాన పట్టను.

వదిన